పాపన్నకు డైరెక్టర్ ఎవరు?

ఆంజనేయస్వామి దయతో మామూలు మనిషికి అతీత శక్తులొచ్చే తెలుగు సినిమా ఏదని ఇవాళ ఏ పిల్లవాణ్ని అడిగినా ఠక్కున ‘హనుమాన్’ అంటాడు. 2024 సంక్రాంతికి వచ్చింది, ప్రశాంత్ వర్మ డైరెక్షన్, తేజ సజ్జా హీరో. అదే ప్రశ్న ఆ పిల్లవాడి తాతను అడిగి చూడండి. ఆయన ఇంకో పేరు చెప్తాడు. ఎన్టీ రామారావు ‘సూపర్‌మ్యాన్’. 1980లో వచ్చింది, డైరెక్టర్ విక్టరీ మధుసూదనరావు. కళ్లముందే తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడు హనుమంతుణ్ని వేడుకుంటే స్వామి శక్తులిచ్చాడు, పెద్దయ్యాక ఆ పిల్లవాడు పగ తీర్చుకున్నాడు. అదీ కథ.

నలభై నాలుగేళ్ల తేడాతో విత్తనం ఒకటే, చేలు రెండు. పండిన పంటను చూడండి. మధుసూదనరావు సినిమాలో తల్లిదండ్రుల చావే హీరోను తయారుచేసింది. ప్రశాంత్ వర్మ సినిమాలో విలన్ మైఖేల్ ఉన్నాడే, సూపర్ హీరోలకు అమ్మానాన్నలు ఉండరన్న సంగతి కథల్లో చూసి, తానూ సూపర్ హీరో కావాలని సొంత తల్లిదండ్రులనే చంపేస్తాడు. పాత సినిమాలో హీరోను పుట్టించిన సంఘటన కొత్త సినిమాలో విలన్‌ను పుట్టించింది. నాకు ఇది చాలా నచ్చిన మలుపు. ప్రశాంత్ వర్మ మనసులో పాత సూపర్‌మ్యాన్ ఉన్నాడో లేడో గానీ, రెండు సినిమాలూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టే ఉంటాయి.

ఇంతకీ ఈ ముచ్చట ఎందుకు ఎత్తానంటే, చలికాలం వచ్చిందంటే మా జనగామ దిక్కు నెగడు చుట్టూ చేరి ఆడుకోవడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు. ఫలానా సినిమాను ఫలానా ఆయన కాకుండా ఇంకొకరు తీసి ఉంటే ఎట్లుండేది? పొద్దుపోవడానికి మొదలుపెడతాం. నాలుగు మాటలయ్యేసరికి ముచ్చట సినిమా దాటి చరిత్రలోకి పోతుంది, అక్కడినుంచి మన ఊళ్లలోకి వస్తుంది. మీరూ ఇట్లా దగ్గరికి జరగండి.

అమెరికావాళ్లు ఈ ఆటను కోట్ల డాలర్లు పెట్టి నిజంగానే ఆడారు. సూపర్‌మ్యాన్ మొదటి రెండు భాగాలనూ రిచర్డ్ డోనర్ కలిపి తీయడం మొదలుపెట్టాడు. రెండోది చాలావరకు అయ్యాక నిర్మాతలతో పొసగలేదు. రిచర్డ్ లెస్టర్‌ను తెచ్చి పూర్తిచేయించారు. చాలా ఏళ్ల తర్వాత, 2006లో, డోనర్ తీసిన ముక్కలన్నీ ఏరి ఇంకో రెండో భాగం తయారుచేసి డీవీడీగా అమ్మారు. ‘జస్టిస్ లీగ్’ సంగతి మీకు తెలిసే ఉంటుంది. బిడ్డ చనిపోయిన దుఃఖంలో జాక్ స్నైడర్ మధ్యలో తప్పుకున్నాడు, జాస్ వెడన్ ముగించాడు, 2017లో విడుదలైంది. అభిమానులు పట్టువదలకుండా అడిగితే 2021లో స్నైడర్ సినిమా నాలుగు గంటల నిడివితో వేరుగా వచ్చింది. రెండూ చూసినవాళ్లను ఒక్కటే అడుగుతాను. సైబోర్గ్ అనే కుర్రాడు మీకు ఏ సినిమాలో గుర్తున్నాడు? మొదటిదాంట్లో గుంపులో ఒకడు. రెండోదాంట్లో సినిమాకు గుండెకాయ. అదే కథ, అదే నటుడు. కెమెరా ఎవరి పక్కన నిలబడిందన్నదే తేడా.

ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

మన దగ్గరా ఈ కథలు తక్కువేం లేవు. కృష్ణ నూరో సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ తీస్తుండగానే డైరెక్టర్ వి.రామచంద్రరావు కన్నుమూశారు. మిగిలింది కృష్ణే తీసుకున్నారు, పోరాట ఘట్టాలు కె.ఎస్.ఆర్.దాస్ చూసుకున్నారు. 1974 మే 1న సినిమా వచ్చినప్పుడు తెరమీద డైరెక్టర్‌గా రామచంద్రరావు పేరే వేశారు. ఆ మర్యాదను ఇవాళ్టి సినిమావాళ్లు గుర్తుంచుకోవాలి. ఎన్టీఆర్‌కూ ఆ కథ తీయాలన్న కోరిక ఉండేది. ఆయన ముందే తీసి ఉంటే మన తాతల తరం మనసుల్లో రామరాజుకు ఏ ముఖం ఉండేదో ఊహించండి. మాహిష్మతి సంగతీ అంతే. బాహుబలికి ముందు కథను, శివగామి ఎదిగిన కథను, సిరీస్‌గా తీస్తామని నెట్‌ఫ్లిక్స్ 2018లో ప్రకటించింది. దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు డైరెక్టర్లు. కొంత తీశాక వాళ్లను పక్కనపెట్టి కునాల్ దేశ్‌ముఖ్, రిభు దాస్‌గుప్తాలతో మళ్లీ తీయించారు. అదీ నచ్చలేదు, మొత్తం ఆపేశారు. ‘ప్రస్థానం’లో అధికారం మనిషిని ఎట్లా తినేస్తుందో చూపించిన దేవా కట్టా చేతిలో శివగామి ఎట్లుండేదో చూసే భాగ్యం మనకు లేకుండా పోయింది. నాకు నిజంగానే బాధేస్తుంది.

ఇక మన దగ్గర ఈ ఆటకు అసలు ఉదాహరణ కొమురం భీం. ‘ఆర్ఆర్ఆర్’ ప్రపంచమంతా తిరిగింది. 2022 తర్వాత భీం పేరు జపాన్‌లోనూ తెలుసు. పులితో తలపడే భీం, మోటార్‌సైకిల్‌ను ఎత్తి విసిరే భీం. రాజమౌళి ఆయన్ను నిఖార్సైన సూపర్ హీరోను చేశారు. 1924లో అమరుడైన రామరాజునూ, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన భీంనూ ఢిల్లీలో కలపడం చరిత్ర కాదని ఆయనే చెప్పుకున్నారు, అది తన ఊహ అన్నారు. అయితే రాజమౌళికి చాలా ముందే, 1990లోనే, అల్లాణి శ్రీధర్ ‘కొమురం భీమ్’ తీశారు. భూపాల్‌రెడ్డి భీం వేషం కట్టారు. అందులో పులులు లేవు. అడవి మీద హక్కు ఉంది, భూమి పట్టా ఉంది, నిజాం అధికారుల జులుం ఉంది. నంది అవార్డులూ వచ్చాయి. కానీ ఆ సినిమా థియేటర్లకు వచ్చింది 2010లో! ఇరవయ్యేళ్లు డబ్బాల్లో పడుంది.

అందుకే నెగడు దగ్గర ఎవరన్నా ‘వేరే డైరెక్టర్ తీసి ఉంటే’ అంటే నేను భీం సంగతే ఎత్తుతాను. వేరే డైరెక్టర్ తీశాడు. తీసింది మనదాకా రాలేదు, అంతే. ఆ సినిమా 1990లోనే ఊరూరా ఆడి ఉంటే, రాజమౌళి కూడా ఇంకో భీంను రాసుకునేవారు. జల్, జంగల్, జమీన్ అనే మాటలు ముందే జనం నోట్లో నానుతుండేవి, వాటిని దాటి పోవడం ఏ డైరెక్టర్‌కూ వీలయ్యేది కాదు. రాజమౌళి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆయనలాగా హాలు మొత్తాన్ని కుర్చీల్లోంచి లేపగలిగినవాళ్లు మనకు లేరు. కానీ ఒక వీరుడికి ఒకే సినిమా ఉంటే, ఆ సినిమానే చరిత్ర అయిపోతుంది. రెండు ఉంటే జనం పోల్చుకుంటారు, ప్రశ్నలు వేస్తారు.

సరే, ఆదిలాబాద్ దిక్కు నుంచి మన దిక్కుకొద్దాం. ఇందాక కెమెరా మాట గుర్తుంచుకోమన్నాను కదా.

భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కోటగుళ్లు చూశారా? చూడకపోతే ఈ చలికాలంలోనే పోయి రండి. గణపతిదేవుడి కాలం నాటి గుళ్ల సముదాయం అది. సగం కూలినా ఆ శిల్పాల మీద చెయ్యి పెట్టి చూస్తే నల్లరాయి నునుపు ఇప్పటికీ తెలుస్తుంది. అక్కడ నిలబడి కాకతీయుల గురించి సినిమా తీస్తే మీ మనసు ఎటు పోతుంది? గుళ్లు కట్టినవాళ్లు, చెరువులు తవ్వించినవాళ్లు, ఆడబిడ్డను సింహాసనం మీద కూర్చోబెట్టినవాళ్లు. గుణశేఖర్ 2015లో ‘రుద్రమదేవి’ని అట్లాగే తీశారు. అనుష్క రుద్రమ, అల్లు అర్జున్ గోన గన్నారెడ్డి. తర్వాత ప్రతాపరుద్రుడి మీదా తీస్తానన్నారు. ఓరుగల్లు కోట నుంచి చూసిన కథలవి.

ఇప్పుడు అక్కడినుంచి అడవిలోకి నడవండి. మేడారం 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, ములుగు కొత్త జిల్లా అయ్యాక అటు పోయింది. మేడారంలో చెప్పుకునే కథలో ప్రతాపరుద్రుడు ఎవరు? కరువొచ్చి పంటలు లేకపోయినా కప్పం కట్టమని సైన్యాన్ని పంపిన రాజు. పగిడిద్దరాజు ఆ యుద్ధంలో పోయాడు, సారలమ్మ పోయింది, నాగులమ్మ పోయింది. జంపన్న ఓటమిని ఓర్చుకోలేక సంపెంగ వాగులో దూకితే అదే జంపన్న వాగైంది. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట దిక్కు నడిచి కనపడకుండా పోతే, అక్కడ దొరికింది కుంకుమ భరిణె. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షల మంది ఎత్తు బెల్లాన్ని బంగారమని మోసుకుపోయి ఆ తల్లులకు ఇచ్చుకుంటారు. విగ్రహం లేని దేవతలు వాళ్లు.

ఒకే కాలం, ఒకే రాజవంశం. కోటలో కెమెరా పెడితే ప్రతాపరుద్రుడు ఓరుగల్లును కాపాడుకోవడానికి చివరిదాకా పోరాడిన చక్రవర్తి. వాగు ఒడ్డున పెడితే విలన్. ఏది అబద్ధం? నన్నడిగితే రెండూ ఉండాలి, ఒకే ఊళ్లో పక్కపక్క థియేటర్లలో ఆడాలి. కేరళవాళ్లు 2025లో ‘లోకా’ తీశారు. కల్లియంకాట్టు నీలి అనే వాళ్ల ఊళ్ల యక్షిని ఇవాళ్టి సూపర్ హీరోయిన్‌ను చేశారు. డొమినిక్ అరుణ్ డైరెక్టర్. భయపెట్టే కథల్లో ఉన్న మనిషి పక్కన కెమెరా పెట్టి, ఆమె ఎందుకట్లా అయిందో చెప్పారు. మన దగ్గరా ప్రశాంత్ వర్మ తన కథాప్రపంచంలోని ‘మహాకాళి’ని డైరెక్ట్ చేసే బాధ్యత పూజా అపర్ణ కొల్లూరుకు ఇచ్చారు. ఒక్క విశ్వం, పలువురు డైరెక్టర్లు. ఈ పద్ధతి మంచిది. సమ్మక్క కథను మాత్రం ఎవరు తీసినా కోయ పూజారులతో కూర్చుని, వాళ్లు సరేనన్నాకే తీయాలి. ఆ తల్లి తెరమీద ఎగిరి దూకే బొమ్మ అయితే నేను టికెట్ కొనను.

ఇక అసలు కథ. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపూర్ ఉంది. ఊళ్లోనే బురుజులతో కోట. సర్వాయి పాపన్న కోట అది. ‘హరిహర వీరమల్లు’ చూశారు కదా? క్రిష్ మొదలుపెడితే జ్యోతికృష్ణ పూర్తిచేశారు, 2025 జూలైలో వచ్చింది. డైరెక్టర్ మారితే ఏమవుతుందో ఆ సినిమా మీద కూడా మాట్లాడుకోవచ్చు గానీ, నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ సినిమాలోలాగా ఔరంగజేబు కాలంలో గోల్కొండ ప్రాంతపు దొంగవీరుడి కథ కావాలంటే కల్పన చెయ్యాల్సిన పనే లేదు. మా పాపన్న ఉన్నాడు.

కల్లుగీత కులంలో పుట్టిన మనిషి. తాడెక్కడం మీరు దగ్గరనుంచి చూశారా? నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ తిరిగి వీపును ఆనుకునే మోకు. చెట్టు వైపు ఒరిగి మోకును పైకి విసరాలి, వెనక్కి వాలి పాదాలు జరపాలి, మళ్లీ ఒరగాలి. ఆ వాలులో ఒక్క క్షణం మనిషి బరువంతా ఒక్క తాడు మీదే ఉంటుంది. అట్లా ఎక్కే మనుషులను వెంటేసుకుని కోట గోడలకు ఎదురెళ్లినవాడు పాపన్న. 1708లో, మొహర్రం రోజుల్లో, గోడల మీద కాపలా పలచగా ఉన్న అదను చూసి వరంగల్ మీద విరుచుకుపడ్డాడు. హైదరాబాద్ వచ్చిన బహదూర్ షా దర్బారులోకి పోయి నజరానా ఇచ్చి, పాదుషా చేతుల మీదుగా ఖిల్లతు, అంటే గౌరవ వస్త్రం, పుచ్చుకున్నాడు! కులీనులంతా ముక్కున వేలేసుకున్నారు. చివరికి 1710లో పట్టుకుని చంపారు. మారువేషంలో తప్పించుకుపోతూ ఒక కల్లు దుకాణం దగ్గర ఆగితే, అక్కడి గీత కార్మికుడే ఆయన్ను గుర్తుపట్టాడని చరిత్ర చెప్తుంది.

ఈ కథకు రెండు వెర్షన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మొగలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారశీకంలో రాసినదాంట్లో పాపన్న దోపిడీగాడు. భర్త పోయిన సొంత తోబుట్టువు సొమ్మునే దోచుకుని, దాంతో మనుషులను కూడగట్టాడని రాశాడు. శారదకాండ్రు పాడే కథలో మాత్రం ఆయన గోల్కొండను కొడతానని పంతం పట్టిన సర్వమ్మ కొడుకు. రిచర్డ్ ఈటన్ అనే అమెరికన్ చరిత్రకారుడు దక్కన్ చరిత్రను ఎనిమిది మంది జీవితాల్లో చెప్తూ 2005లో ఒక పుస్తకం రాశారు. ఆ ఎనిమిది మందిలో పాపన్న ఒకడు. రాజులు, మంత్రులు, సాధువుల వరుసలో మన ఖిలాషాపూర్ మనిషి!

ఆ తోబుట్టువు సీన్ దగ్గర నా ఆలోచన ఆగిపోతుంది. ఏ డైరెక్టర్ దాన్ని ఉంచుతాడు? పెద్ద సినిమా తీసేవాళ్లలో చాలామంది మొదటి రోజే కొట్టేస్తారు. హీరో ఆడబిడ్డ సొమ్ము దోచుకోవడమేంది అంటారు. రాజమౌళి అయితే దాన్ని తిప్పి రాయించి, ఆ తోబుట్టువే నగలు ఒలిచి తమ్ముడి చేతిలో పెట్టి ‘పో, కోట కట్టు’ అన్నట్టు తీస్తారని నా ఊహ. హాలు చప్పట్లతో ఊగిపోతుంది. వరంగల్ ముట్టడి మాత్రం ఆయనకే వదిలేయాలి. చీకట్లో మోకులు గోడల మీదికి ఎగరడం, కింద మొహర్రం డప్పులు, పైన బురుజు మీద మొదటి కాలు. ఇంటర్వెల్ అక్కడే.

వేణు యెల్దండి అయితే? ‘బలగం’ చివర బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాట ఎత్తుకుంటే ఎందరు ఏడ్చారో మీకు తెలుసు. ఇంట్లో పగలు ఎట్లా పుడతాయో, తోబుట్టువు ఎందుకు దూరమవుతుందో ఆయనకు తెలిసినంత బాగా ఇప్పుడు ఇంకెవరికీ తెలియదు. ఆ దోపిడీ సీన్‌ను ఆయన దాచిపెట్టరు. దోచిన రాత్రి తర్వాత పొద్దున సర్వమ్మ గడపలో కూర్చున్న తీరు చూపిస్తారు. శారదకాండ్రతో కథ చెప్పిస్తారు.

బి.నర్సింగరావు గారు అయితే ఈ రెండు దారులూ పట్టరు. 1988లో ‘దాసి’లో గడి గోడల మధ్య ఒక ఆడమనిషి రోజు ఎట్లా గడుస్తుందో చూపించిన డైరెక్టర్ ఆయన. యుద్ధం చూపించరు. యుద్ధం తర్వాత తాళ్లవనంలో లొట్టి కింద నిలబడ్డ మనిషి ముఖం చూపిస్తారు. ఆ కల్లు దుకాణం సీన్ ఆయన చేతిలో పడాలి. తన కులం మనిషే తనను గుర్తుపట్టినప్పుడు పాపన్న ఏం చేశాడు? ఏమన్నాడు? బహుశా ఆయన సినిమాలో ఏమీ అనడు.

ఈ దిక్కు నుంచి సినిమాల్లోకి సాహిత్యం తక్కువేం పోలేదు. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’ సినిమాగా వచ్చింది. పోతన పుట్టిన ఊరని మేం గట్టిగా చెప్పుకునే బమ్మెర జనగామ జిల్లాలోనే ఉంది. కె.వి.రెడ్డి డైరెక్టర్‌గా తీసిన తొలి సినిమా 1943 నాటి ‘భక్త పోతన’. అక్కడ మొదలైన మనిషే తర్వాత ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసి తోటరాముణ్ని, ఘటోత్కచుణ్ని మనకిచ్చాడు. ఆయన పాపన్నను తీసి ఉంటే స్క్రీన్‌ప్లేలో ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు, పాపన్న వెంట అల్లరి చేసే ఒక మిత్రుడు తప్పకుండా ఉండేవాడు.

కాబట్టి మూడు భాగాల పాపన్నకు నా లెక్క ఇది. మొదటి భాగం, సర్వమ్మ ఇల్లు, తాళ్లవనం, తోబుట్టువు సొమ్ము, వేణుకు. వరంగల్ ముట్టడి, దర్బారు, ఖిల్లతు ఉండే రెండో భాగం రాజమౌళికి, తోబుట్టువు సీన్‌ను మార్చకూడదన్న షరతుతో. చివరి భాగం నర్సింగరావు గారికి. ఖిలాషాపూర్ కోటలోనే షూటింగ్ జరగాలి, శారదకాండ్ర పేర్లు టైటిల్స్‌లో ముందు పడాలి. మీరైతే ఎవరికిస్తారు? మూడు పేర్లు, ఒక్కో పేరుకు ఒక కారణం, కార్డు మీద రాసి పంపండి.